మూడు బండ్లు, ఒకే వీధి: కలిసి తోలితే మిగిలేదెంత, దాన్ని పంచేదెలా

గుంటూరు పట్నంబజారులో ఉదయం పది కావస్తుంటే షట్టర్లు ఒక్కొక్కటే లేస్తాయి. అప్పటికే సందు మొదట్లో ఒక చోటా హాతీ ఆగి ఉంటుంది. విజయవాడ నుంచి వచ్చిన బండి. హమాలీ వెనక తలుపు దించి నాలుగు అట్టపెట్టెలు భుజానికెత్తుకుంటాడు. తొట్టిలో ముప్పాతిక భాగం ఖాళీ. అది రివర్స్ తీసేలోపే వెనక ఇంకో బండి హారన్ కొడుతుంది. అదీ విజయవాడదే, వేరే పార్శిల్ ఆఫీసుది. అందులో ఇదే వరసలో మూడో కొట్టుకి రెండు బేళ్లున్నాయి. మూడో ఆఫీసు బండి లాలాపేట మలుపులో దారి దొరక్క నిలబడిపోయింది. మూడూ తెల్లారగట్ల ఒకే వారధి దాటి వచ్చాయి. కాజ టోల్‌గేటు దగ్గర మూడు ఫాస్టాగ్‌ల్లోంచి డబ్బు కోసుకుపోయింది. ముగ్గురు డ్రైవర్లకి బత్తా, మూడు ట్యాంకుల్లో డీజిలు. సరుకు మాత్రం సరిగ్గా సర్దితే ఒక బండికి కాస్త ఎక్కువ, రెండు బండ్లకి బాగా తక్కువ.

చూసినవాళ్లెవరైనా ముగ్గురూ కలిసి ఒక బండి వేసుకోవచ్చుగా అంటారు. పార్శిల్ ఆఫీసుల వాళ్లకి ఆ మాట తట్టక కాదు. విజయవాడ ఆటోనగర్‌లో సాయంత్రం లోడింగ్ వేళ ఇలాంటి మాటలు వినపడుతూనే ఉంటాయి:

"అన్నా, ఇవాళ మా బండి నిండలా. గుంటూరుకి రెండే పెట్టెలున్నాయి, మీ దాంట్లో వేసుకుపోతావా?"

"వెయ్ తమ్ముడూ. తెనాలికి మాదొకటి ఉంది, రేపు నువ్వు పట్టుకెళ్లు."

ఇది చేబదులు. కాగితం లేదు, వడ్డీ లేదు, నమ్మకమే పూచీ. చేబదులుకి ఉండే జబ్బే దీనికీ ఉంది. చిన్న మొత్తాల్లో ఎన్నాళ్లయినా నడుస్తుంది, ఒకవైపు బాకీ పేరుకుంటే మాత్రం చెప్పకుండానే ఆగిపోతుంది. 'ఎప్పుడు చూసినా మనమే మోస్తున్నాం' అనే అనుమానం మొదలైన వారానికల్లా ఎవరి బండి వాళ్లు సగం ఖాళీగా తోలుకుంటారు. ఆ అనుమానం నిజమో కాదో తేల్చే లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

లారీల వాళ్లది ఇంకో ఏర్పాటు. యూనియన్ ఆఫీసులో సీరియల్ రాయించుకుంటే వంతు వచ్చినప్పుడు లోడు దొరుకుతుంది. అయితే అక్కడ పంచుకునేది పనిని మాత్రమే. వంతు రాగానే ఎవరి కిరాయి వాళ్లది, ఎవరి డీజిలు వాళ్లది. ఒకే తొట్టిలో ముగ్గురి సరుకు కలిసినప్పుడు వంతు అనే మాటకి అర్థం ఉండదు. బండి ఒకటే, ఖర్చు ఒకటే, దాన్ని ముగ్గురి మీదా విడగొట్టాలి.

కలిసి తోలడంలో అసలు చిక్కు దారి దగ్గర లేదు. దారి లెక్కకి అరవై ఏళ్ల కిందటే పద్ధతులు వచ్చాయి. చిక్కంతా మిగిలిన డబ్బు దగ్గరే. అందులోనూ 'ఎందుకొచ్చిన గొడవ, సమానంగా పంచుకుందాం' అనే పెద్దమనిషి మాట దగ్గర.

మిగులు ఎక్కడ పుడుతుంది

ముందు దారి సంగతి. ఒక బండి పది కొట్లకి సరుకు వెయ్యాలంటే ఏ కొట్టు తర్వాత ఏ కొట్టు అనే వరసలు 36,28,800 ఉన్నాయి. కొట్లు పదిహేనైతే ఆ సంఖ్య 1,30,767 కోట్లు దాటుతుంది. డ్రైవర్లు ఇదంతా లెక్కేయరు. అలవాటైన దారి పట్టుకుంటారు, చాలాసార్లు అది మంచి దారే అవుతుంది. బండ్లు, గోడౌన్లు పెరిగేకొద్దీ అలవాటు చాలదు. 1959లో జార్జ్ డాంట్జిగ్, జాన్ రామ్సర్ ఈ సమస్యని మొదటిసారి గణితంలో పెట్టారు. వాళ్లు తీసుకున్న ఉదాహరణ పెట్రోలు టెర్మినల్ నుంచి బంకులకి ట్యాంకర్లు పంపడం. 1964లో క్లార్క్, రైట్ అనే ఇద్దరు చేతి లెక్కకి కూడా అందే ఉపాయం చెప్పారు. ఈనాటి సాఫ్ట్‌వేర్‌లలోనూ దాని ఛాయ కనిపిస్తుంది.

ఉపాయం ఇది. రెండు కొట్లకి విడివిడిగా వెళ్లి వస్తే ఎంత దూరం, ఒకే ట్రిప్పులో రెండూ ముగిస్తే ఎంత దూరం? ఆ తేడాయే మిగులు. విజయవాడ గోడౌన్ నుంచి పట్నంబజారు కొట్టు 35 కిలోమీటర్లు, లాలాపేట కొట్టు 36, రెంటికీ మధ్య ఒకటి అనుకుందాం. విడివిడిగా రానూపోనూ 142. కలిపితే 35, 1, 36 చొప్పున 72. డెబ్బై కిలోమీటర్లు మిగిలాయి.

ఇప్పుడు అదే లెక్క విజయవాడ ఊళ్లో వెయ్యండి. గోడౌన్ గాంధీనగర్‌లో ఉంది. ఒక పార్శిల్ తూర్పున పటమటకి, ఇంకొకటి పడమట భవానీపురానికి. ఒక్కొక్కటీ ఐదు కిలోమీటర్లు, మధ్య దూరం పది అనుకుంటే విడివిడిగా 20, కలిపినా 20. మిగులు సున్నా. అయినా కలిసి పనిచేద్దామనే మాట రాగానే చాలామంది ఊళ్లోని డోర్ డెలివరీతోనే మొదలుపెడదామంటారు, కళ్లముందు కనపడేది అదే కాబట్టి. డబ్బు దాగి ఉండేది మాత్రం ఊరి బయట, అందరూ తప్పనిసరిగా తోలాల్సిన పొడవాటి దారిలో. విజయవాడ, గుంటూరు, తెనాలి అనే ఈ ముక్కోణంలో ఆ దారులు పొట్టివే గానీ రోజూ తిరిగేవి. పైగా కృష్ణ అడ్డం. భారీ బండ్లకి ప్రకాశం బ్యారేజీ మీద దారి లేదు. అందుకే పెద్ద బండ్లన్నీ కనకదుర్గమ్మ వారధి మీదికే వచ్చి కలుస్తాయి. అందరి దారీ ఒక్కచోట ఇరుకైతే కలపడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు.

కిలోమీటర్లు కలిసినంత మాత్రాన సరుకు కలవదు. గుంటూరు నుంచి వచ్చేటప్పుడు ఖాళీ బండిలో నాలుగు మిర్చి టిక్కీలు (బస్తాలు) వేసుకొస్తే రిటర్న్ కిరాయి దక్కుతుందని లెక్క చెప్తుంది. మర్నాడు అదే తొట్టిలో వన్‌టౌన్ వస్త్రలత టోకు బట్టల మార్కెట్ నుంచి చీరల బేళ్లు ఎక్కించమంటే చీరల వ్యాపారి ఒప్పుకుంటాడా? ఘాటు పోవాలంటే తొట్టి కడగాలి, ఆరబెట్టాలి, కింద పట్టా మార్చాలి. పురుగుమందు డబ్బాల పక్కన కిరాణా సరుకు పెట్టకూడదు. మందుల డిస్ట్రిబ్యూటర్‌కి పొద్దున్నే కావాలి, బట్టల కొట్టు పదిన్నరకి గానీ తెరవరు. ఇవన్నీ కంప్యూటర్‌కి షరతులుగా చెప్పొచ్చు. చెప్పాలంటే ముందు తెలిసినవాడు పక్కన కూర్చోవాలి. ఆ తెలిసినవాడు చాలా ఆఫీసుల్లో లోడింగ్ గుమాస్తా. అతని బుర్రలో ఉన్నది కాగితం మీదికి రాకపోతే ఎంత ఖరీదైన ప్రోగ్రామూ చీరల మీద మిర్చి వేసి పంపుతుంది.

మూడు వేలు, ముగ్గురు

ఇక పంపకం. మూడు ఆఫీసులు ఊహించుకుందాం. అంకెలు వివరణ కోసమే. ఆటోనగర్ ఆఫీసుది స్పేర్ పార్టుల సరుకు, ఎక్కువ గుంటూరుకి, కొంత తెనాలికి. గొల్లపూడి ఆఫీసుది హోల్‌సేల్ కిరాణా, దాదాపు అంతా గుంటూరుకే. వన్‌టౌన్ ఆఫీసుది బట్టలు, ముఖ్యంగా తెనాలికి, కొద్దిగా మంగళగిరికి, గుంటూరుకి. (చేనేత ఊరైన మంగళగిరికి బట్టలు పంపడమేంటని నవ్వుకోవచ్చు. లుంగీలు, బనీన్లు అక్కడ నెయ్యరు కదా.) ఎవరికి వాళ్లు తోలితే రోజు ఖర్చు ఆటోనగర్‌కి 4,000 రూపాయలు, గొల్లపూడికి 3,600, వన్‌టౌన్‌కి 2,400. మొత్తం 10,000.

ముగ్గురూ కలిస్తే మూడు బండ్ల పని రెండింటితో అవుతుంది. ఒకటి నేరుగా గుంటూరు, రెండోది మంగళగిరి మీదుగా తెనాలి. ఖర్చు 7,000కి దిగుతుంది. మిగులు 3,000.

ఇద్దరిద్దరే కలిసినా కొంత మిగులుతుంది. పంపకమంతా ఆ అంకెల మీదే ఆధారపడి ఉంది. ఆటోనగర్, గొల్లపూడి కలిస్తే ఇద్దరి సరుకూ ఒకే ఊరికి కాబట్టి ఒక బండి పూర్తిగా తగ్గుతుంది: మిగులు 2,400. ఆటోనగర్, వన్‌టౌన్ కలిస్తే తెనాలి ట్రిప్పు కలిసొస్తుంది: 1,200. గొల్లపూడి, వన్‌టౌన్ కలిస్తే 600.

పెద్దమనిషి మాట ప్రకారం సమానంగా పంచితే తలా వెయ్యి. ఆటోనగర్, గొల్లపూడి వాటాలు కలిపి 2,000. ఇద్దరే ఉంటే వాళ్లకి 2,400 వచ్చేది. నెల తిరక్కుండానే ఆ ఇద్దరిలో ఒకరు రెండోవారికి ఫోన్ చేస్తారు. సమానం అనే మాటే జట్టుని విడగొట్టింది.

పార్శిళ్ల లెక్కన పంచితే ఇంకా అన్యాయం. వన్‌టౌన్‌వి చిన్న కట్టలు, 140 ఉన్నాయి. ఆటోనగర్‌వి 100, గొల్లపూడివి 60. ఆ చొప్పున వాటాలు 1,400, 1,000, 600. మిగులులో అందరికన్నా తక్కువ చెయ్యి ఉన్నవారికి అందరికన్నా ఎక్కువ పోయింది. మొదటి ఇద్దరికీ కలిపి వచ్చింది 1,600.

పోనీ ఖర్చు నిష్పత్తిలో పంచుదాం. నలభై పెట్టినవాడికి నలభై శాతం. ఇది అందరికీ న్యాయంగా అనిపిస్తుంది, రాత ఒప్పందాల్లో మామూలుగా ఇదే రాసుకుంటారు. ఆటోనగర్ 1,200, గొల్లపూడి 1,080, వన్‌టౌన్ 720. మొదటి ఇద్దరికీ కలిపి 2,280. ఇదీ 2,400కి తక్కువే. ఆ 120 రూపాయల తేడాకి జట్టు విడిపోతుందా అని తీసిపారెయ్యొద్దు. రోజుకి 120 అంటే ఇరవై ఆరు పనిదినాల నెలకి 3,120. అంతకన్నా తక్కువకి తెగిపోయిన పొత్తులు ఈ ఊళ్లో లెక్కలేనన్ని.

లెక్కకి ముందే ఒక గీత గీసి పెట్టుకోవాలి. ఏ ఇద్దరూ విడిగా కలిసినా, ఏ ఒక్కరూ ఒంటరిగా పోయినా ఇప్పటికన్నా బాగుపడకూడదు. ఈ షరతుకి నిలిచే పంపకాల సముదాయాన్ని ఆటల సిద్ధాంతంలో (గేమ్ థియరీలో) 'కోర్' అంటారు. పై ఉదాహరణలో వన్‌టౌన్ వాటా 600 దాటిన మరుక్షణం కోర్ దాటినట్టే. ఎందుకంటే వన్‌టౌన్ చేరడం వల్ల 2,400 కాస్తా 3,000 అయింది. వాళ్లు తెచ్చినదే 600.

అలాగని వన్‌టౌన్‌కి ఎంత ఇవ్వాలి? సున్నా నుంచి 600 దాకా జాగా ఉంది. 1953లో లాయిడ్ షాప్లీ చెప్పిన జవాబు ఇక్కడ పనికొస్తుంది. ఆయనకి 2012లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ కూడా వచ్చింది. ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు గదిలోకి వచ్చారనుకోండి. ఎవరు వచ్చినప్పుడు మిగులు ఎంత పెరిగిందో అది వాళ్ల ఖాతాలో రాయాలి. వచ్చే వరసలు ఆరు. ఆరింటికీ రాసి సగటు తీయాలి.

వన్‌టౌన్ మొదట వస్తే ఒంటరి కాబట్టి సున్నా. అలాంటి వరసలు రెండు. చివర వస్తే 600. అవీ రెండు. ఆటోనగర్ తర్వాత రెండో మనిషిగా వస్తే 1,200, గొల్లపూడి తర్వాత వస్తే 600. మొత్తం 3,000, ఆరుతో భాగిస్తే 500. ఇదే తీరున ఆటోనగర్‌కి 1,400, గొల్లపూడికి 1,100 వస్తాయి. మొదటి ఇద్దరికీ కలిపి 2,500. బయటికి వెళ్తే వచ్చేది 2,400. వెళ్లరు.

కొత్తగా వినిపించినా ఇది మనకి తెలియని న్యాయం కాదు. అపార్ట్‌మెంట్ మీటింగులో లిఫ్టు మెయింటెనెన్స్ గొడవ గుర్తు తెచ్చుకోండి. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు మాకెందుకంటారు, ఐదో అంతస్తు వాళ్లు అందరికీ సమానమంటారు. మొదటి అంతస్తు దాకా అయ్యే ఖర్చు పైనున్న అందరి మీదా, ఆ పై అంతస్తుది దాని పైవాళ్ల మీదా వేస్తూ పోతే వచ్చేది కూడా షాప్లీ వాటాయే. తేడా ఏంటంటే లిఫ్టు దగ్గర సెక్రటరీ కేకలేసి ముగిస్తాడు. పార్శిల్ వాళ్లకి సెక్రటరీ లేడు.

షాప్లీ ఒక్కటే దారి కాదు. దక్షిణ స్వీడన్‌లో కలప తోలే ఎనిమిది అటవీ కంపెనీల రవాణాని కలిపి చూసిన ఒక అధ్యయనం 2010లో వచ్చింది. అందులో వేరే కొలత పెట్టారు: ఎవరి ఒంటరి ఖర్చులో ఎంత శాతం తగ్గిందో ఆ శాతాలు వీలైనంత దగ్గరగా ఉండాలి, కోర్ మాత్రం దాటకూడదు. మన ఉదాహరణకి ఆ కొలత పెడితే వన్‌టౌన్‌కి 600 వస్తుంది, వాళ్ల ఖర్చులో 25 శాతం. మిగతా ఇద్దరికీ 31.6 శాతం చొప్పున ఆటోనగర్‌కి 1,263, గొల్లపూడికి 1,137. బేరం దగ్గర ఇది గట్టి పద్ధతి. షాప్లీ సగటు ఎందుకో ఆఫీసు యజమానికి వివరించాలంటే పూట పడుతుంది. 'నీకు పాతిక శాతం తగ్గింది, వాళ్లకి ముప్ఫై ఒకటిన్నర, ఇంతకన్నా దగ్గరికి తెస్తే వాళ్లు వెళ్లిపోతారు' అనే మాట టీ తాగేలోపు అర్థమవుతుంది. అర్థం కాని న్యాయం కన్నా అర్థమయ్యే న్యాయానికే సంతకం పడుతుంది. అందుకే చిన్న జట్లకి ఈ శాతం పద్ధతే నయం అనిపిస్తుంది. షాప్లీని పక్కన పెట్టుకుని సరిచూసుకోవచ్చు.

ఆఫీసులు పెరిగితే రెండూ బరువే. ముగ్గురికి చూడాల్సిన జట్లు ఏడు. పదిమందికి 1,023. ఒక్కో జట్టుకీ విడిగా దారి లెక్క కట్టాలి. కంప్యూటర్‌కి అదేం కష్టం కాదు గానీ పదిమంది కలిసి కూర్చునే అలవాటు ఇక్కడ లేదు. ముగ్గురు నలుగురితో మొదలైన జట్టే నిలుస్తుంది.

అబద్ధం ఏ వైపు

పైన ప్రతి అంకె వెనకా 'ఒంటరిగా తోలితే ఎంత' అనే ప్రశ్న ఉంది. జవాబు చెప్పేది ఆ ఆఫీసే. ఖర్చు పెంచి చెప్తారని ఎవరైనా అనుకుంటారు. ఇక్కడ అబద్ధం తిరగబడుతుంది.

వన్‌టౌన్ వాళ్లు 2,400 అని నిజం చెప్తే వాళ్ల వాటా 500, చెల్లించేది 1,900. 'మాది సొంత బండి, మా బావమరిదే డ్రైవరు, మాకు 1,800లో అయిపోతుంది' అన్నారనుకోండి. షాప్లీ లెక్క మళ్లీ వేస్తే వాళ్ల మిగులు వాటా 100కి పడిపోతుంది, పాపం అనిపిస్తుంది. చెల్లించేది మాత్రం 1,700. రెండు వందలు లాభం. ఆ రెండు వందలూ మిగతా ఇద్దరి మీద చెరో వందగా పడ్డాయి. ఎంత చవగ్గా తోలగలమో గొప్పలు చెప్పుకున్నవాడికి బేరంలో బలం ఎక్కువ. నీ అవసరం నాకంతగా లేదు అన్నట్టే కదా.

రెండో అబద్ధం మామూలుది. కలిసి తోలిన బండికి డీజిలెంత, హమాలీ కూలెంత, దారిలో ఎక్కడ ఎంత ఇచ్చారు అనే చిట్టా బండి యజమాని రాస్తాడు. అది పైకే పోతుంది. ఒకే మనిషి ఒకే నెలలో ఒంటరి ఖర్చు తగ్గించి, ఉమ్మడి ఖర్చు పెంచి రెండు చేతులా లాగొచ్చు.

రెంటికీ మందు ఒకటే: నోటిమాట వద్దు, ఒకటే తూకం పెట్టాలి. కిలోమీటరుకి ఇంత, ఒక్కో కొట్టు దగ్గర ఆగినందుకు ఇంత, బండి సైజుకి ఇంత అని అందరికీ ఒకే రేటు రాసుకుని ఒంటరి ఖర్చూ ఉమ్మడి ఖర్చూ దాంతోనే కట్టాలి. టోలు రసీదు ఫాస్టాగ్ ఖాతాలో ఉంటుంది; ఇరవై నాలుగు గంటల్లో తిరిగొస్తే రెండు వైపులకీ కలిపి ఒకటిన్నర రెట్లే కాబట్టి అదీ ముందే లెక్కకొస్తుంది. బావమరిది జీతం ఎంతనే మాట ఈ తూకంలోకి రాదు. దాని వల్ల నిజంగా చవగ్గా తోలేవాడికి కొంత నష్టమే. ఆ నష్టాన్ని ఒప్పుకోవడం జట్టులో ఉండటానికి పెట్టే ఖర్చు.

పుస్తకం ఎవరి చేతిలో

డబ్బు లెక్క తేలినా ఇంకో భయం మిగులుతుంది. పార్టీ (ఖాతాదారు) పోతుందేమోనని. ఏ కొట్టుకి ఎంత సరుకు, ఏ రేటుకి వెళ్తోందో తెలిసిన పోటీదారు రేపు ఆ కొట్టు మెట్లెక్కి పది రూపాయలు తగ్గించి అడగొచ్చు. పార్శిల్ ఆఫీసుకి ఆస్తి అంటే బండ్లు కాదు, పార్టీల జాబితా. అందుకే చాలా చర్చలు బిల్టీ పుస్తకం (సరుకు రసీదుల పుస్తకం) బల్ల మీద పెట్టమనే దగ్గరే ఆగిపోతాయి.

దారి లెక్కకి రేటు అక్కర్లేదు. ఏ వీధి, ఎంత బరువు, ఎంత సైజు, ఎన్ని గంటలకి అనేవి చాలు. ఇవైనా పోటీ ఆఫీసుకి కాకుండా ఎవరి పక్షమూ కాని అకౌంటెంట్‌కో సాఫ్ట్‌వేర్‌కో ఇచ్చి, సాయంత్రం ఎవరి బండి ఎక్కడికి అనే జవాబు మాత్రమే బయటికి రానిస్తే భయం తగ్గుతుంది. ఇంకో దారి వేలం. ఎవరికి వాళ్లు తమకి గిట్టని లోడ్లు మాత్రమే బయటపెట్టి, ఎంతకి తోలతారో మిగతావాళ్ల దగ్గర చీటీలు తీసుకుంటారు. మిగులు మొత్తం దక్కదు, రహస్యం మాత్రం దక్కుతుంది. చీటీ పాటలతో పెరిగిన ఊళ్లకి ఈ రెండోది త్వరగా ఒంటబడుతుంది.

చట్టం వైపు మూడు సంగతులున్నాయి. యాభై వేలు దాటిన సరుకుకి ఈ-వే బిల్లు (సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ పత్రం) ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రం లోపలి రవాణాకి కూడా 2018 ఏప్రిల్ 15 నుంచి ఇది వచ్చింది. సరుకు పక్కాఫీసు బండిలోకి మారిందంటే బిల్లు రెండో భాగంలో బండి నంబరు మార్చాలి. ఒకే బండిలో చాలా బిల్లులుంటే కలిపి ఒక ఉమ్మడి బిల్లు తీసుకోవచ్చు. చేబదులు లోడ్లు తనిఖీలో దొరికేది ఈ నంబరు దగ్గరే. రెండోది బాధ్యత. 1865 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2007 రోడ్డు రవాణా చట్టం కింద సరుకు పోయినా పాడైనా పార్టీకి జవాబు చెప్పాల్సింది రసీదు ఇచ్చినవాడే, తోలినవాడు కాదు. పార్టీ విలువ ముందే రాసివ్వకపోతే పరిహారం కిరాయికి పది రెట్ల దగ్గర ఆగుతుంది. వేరేవాళ్ల బండిలో తడిసిన బేలుకి తన జేబులోంచి కట్టినవాడు దాన్ని జట్టులో ఎవరి దగ్గర రాబట్టుకోవాలో ఒప్పందంలో లేకపోతే, షాప్లీ వాటాలన్నీ ఆ ఒక్క వానకి కొట్టుకుపోతాయి. మూడోది రేటు. బండ్లు కలుపుకోవడం వేరు, పార్టీల దగ్గర వసూలు చేసే కిరాయి అందరూ కూర్చుని ఒకటే ఖాయం చేసుకోవడం వేరు. రెండోది 2002 పోటీ చట్టం మూడో సెక్షన్ కింద నేరుగా కుమ్మక్కు కిందికి వస్తుంది. ఖర్చు తగ్గించే ఉమ్మడి ఏర్పాట్లకి ఆ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. కాబట్టి మీటింగులో డీజిలు గురించి ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు, కిరాయి రేటు మాట రాగానే లేచి రావాలి.

ఒకసారి కట్టిన వాటాలు ఏడాదంతా నిలవవు. ఆషాఢం డిస్కౌంట్లకి, శ్రావణం పెళ్లిళ్లకి, సంక్రాంతికి ముందు వన్‌టౌన్ బట్టల లోడు పొంగుతుంది. అప్పుడు తెనాలి బండి నిండి, వాళ్లు జట్టుకి తెచ్చే మిగులు మారిపోతుంది. మిర్చి సీజన్‌లో గుంటూరు నుంచి రిటర్న్ లోడు దొరకడం తేలికైతే ఆటోనగర్, గొల్లపూడి కలవడంలో లాభం తగ్గొచ్చు. వచ్చేటప్పుడు కిరాయి దొరికే బండిని ఎవరు ఆపుకుంటారు? అందుకే లెక్క నెలనెలా కట్టాలి. దారే మారితే మొదటికే రావాలి. గొల్లపూడి నుంచి కృష్ణ దాటి చినకాకాని దగ్గర హైవేలో కలిసే పశ్చిమ బైపాస్ మీద సరుకు బండ్లు పూర్తిగా తిరిగే రోజున గొల్లపూడి ఆఫీసుకి వారధి అక్కర్లేదు, ఊళ్లోకి రావాల్సిన పనీ లేదు. వాళ్ల ఒంటరి ఖర్చు 3,600 కాదు. ఆటోనగర్‌తో కలిస్తే వచ్చే 2,400 కూడా మిగలదు. గొల్లపూడి వాళ్లే దూరమవుతారో, లేక అందరి సరుకూ గొల్లపూడిలో దింపి అక్కడినుంచి తోలడం మొదలవుతుందో అంకెలే తేల్చాలి.

ఈ లెక్కలన్నిట్లోనూ ఆటగాళ్లు మూడు ఆఫీసులే. పదివేలు ఏడువేలైనప్పుడు తగ్గిన మూడు వేలలో ఒక బండి డీజిలు ఉంది, ఒక టోలు ఉంది, ఒక డ్రైవరు రోజు జీతం, బత్తా ఉన్నాయి. పట్నంబజారు సందులో హారన్ కొడుతూ నిలబడ్డ రెండో బండి అతనిది. ఆరు వరసల్లో ఏ వరసలోనూ అతను గదిలోకి రాలేదు.